బడ్డీకొట్టు ముందు ఓ నిమిషం ఆగుదామా?

ఏ ఊరైనా తీసుకోండి. బస్టాండు గేటు పక్కనో, సినిమాహాలు సందు మొదట్లోనో, కూరగాయల మార్కెట్‌కి తిరిగే మలుపులోనో ఓ చిన్న పుస్తకాల బడ్డీ కనిపిస్తుంది. తలుపు రెక్కలు రెండూ బార్లా తీస్తే అవే దాని షోకేసు. అడ్డంగా కట్టిన తాళ్ళకి బట్టల క్లిప్పులతో వేలాడే వారపత్రికలు, ముందు బల్లమీద వరసగా దినపత్రికలు, గాలికి ఎగరకుండా వాటిమీద ఓ రాయో, పాత తూకం గుండో. ఓ మూల పెన్నులు, కవర్లు, చాక్లెట్ల సీసా. వీటన్నిటి వెనకా స్టూలుమీద ఒదిగి కూర్చున్న ఓ మనిషి. కొన్ని ఊళ్ళలో బంకు అంటారు, కొన్నిచోట్ల పేపర్ స్టాల్ అంటారు. పేరేదైనా రూపం అదే.

సరే, ఇప్పుడు చెప్పండి. ఆ బడ్డీ ముందు తీరిగ్గా నించుని పత్రిక తిరగేస్తున్న ఆడమనిషిని మీరెన్నిసార్లు చూశారు?

గాజుల కొట్టు దగ్గర చూసుంటారు. మందుల షాపు దగ్గర, టైలరు దగ్గర, ఆఖరికి చెప్పులు కుట్టే అతని దగ్గర కూడా చూసుంటారు. పేపర్ల బడ్డీ దగ్గర మాత్రం ఎక్కువగా మగవాళ్ళే. కొనేది ఒకరు, నించుని చదివేది నలుగురు. మనం వెళ్ళినా ఏం కావాలో ముందే మనసులో అనుకుని వెళతాం. చిల్లర సరిగ్గా లెక్కపెట్టుకుని వెళతాం. పుస్తకం పేరు చెప్పి, తీసుకుని, సంచిలో పెట్టుకుని గబగబా వచ్చేస్తాం.

తమాషా ఏమిటంటే, ఆ తాళ్ళమీద వేలాడిన పత్రికల్ని ఇన్నేళ్ళు పోషించింది ముఖ్యంగా మనమే. బడ్డీని నిలబెట్టింది ఆడవాళ్ళు, దాని ముందు నిలబడింది మగవాళ్ళు. ఇప్పుడు మనకి అక్కడ నిలబడే ధైర్యం వచ్చేసరికి బడ్డీలే ఒక్కొక్కటీ మాయమైపోతున్నాయి. దాని గురించే ఈ నాలుగు మాటలు.

పోపులడబ్బా చిల్లరతో

ఆడవాళ్ళకి పత్రికలు నిన్నా మొన్నా పుట్టినవి కావు. 1902లోనే ఏలూరులో సత్తిరాజు సీతారామయ్యగారు 'హిందూసుందరి' మొదలుపెట్టారు. 1928లో మద్రాసులో డాక్టర్ కె.ఎన్. కేసరిగారు 'గృహలక్ష్మి' తెచ్చారు. అయితే ఆ రోజుల్లో పత్రిక కావాలంటే చందా కట్టి పోస్టులో తెప్పించుకోవాలి. చందా అంటే డబ్బు ఒక్కసారే కావాలి. మనియార్డరు ఫారం నింపాలి. ఇంటాయన సరేననాలి. చాలా ఇళ్ళలో పత్రిక వచ్చేది కూడా ఆయన పేరుమీదే!

బడ్డీ వచ్చాక ఆ బెడద తప్పింది. ఏడాది చందాతో పనిలేదు, ఈ వారానికి చిల్లర ఉంటే చాలు. పోపులడబ్బా అడుగున, బియ్యం డబ్బాలో, చీర మడతల్లో దాచుకున్న డబ్బు మన అమ్మలు దేనికి ఖర్చుపెట్టేవారో గుర్తు చేసుకోండి. పిల్లలకి, పండక్కి, పుట్టింటి నుంచి ఎవరన్నా వస్తే వాళ్ళకి. తమకోసం, కేవలం తమకోసం కొనుక్కున్నది ఏదన్నా ఉంటే అది మూర పూలు, ఓ వారపత్రిక. పూలు సాయంత్రానికి వాడిపోయేవి. పుస్తకం వారమంతా ఉండేది.

1990ల్లో మా ఇంట్లో అయితే ఆ పుస్తకం తెచ్చే డ్యూటీ నాది. "కిందటి వారంది కాదు, కొత్తది వచ్చిందో లేదో అడిగి మరీ తీసుకురా" అని అమ్మ గుమ్మందాకా వచ్చి చెప్పేది. తాను మాత్రం రెండు వీధుల అవతల ఉన్న ఆ బడ్డీకి ఏనాడూ వెళ్ళలేదు. బడ్డీ ఆయన ఆమె మొహం చూడకుండానే ఆమె అభిరుచి మొత్తం తెలుసుకున్నాడు. "ఇది మీ అమ్మగారికి. ఇది మీ పక్కింటి పిన్నిగారికి, పోతూ పోతూ ఇచ్చెయ్" అని రెండు పుస్తకాలు చేతిలో పెట్టేవాడు. పిన్నిగారు కొన్నది మా ఇంటికి, మేం కొన్నది ఎదురింటికి. నాలుగిళ్ళు తిరిగొచ్చేసరికి అట్టమీద నూనె మరక, లోపల పసుపు వేలిముద్ర, వంటల పేజీ గల్లంతు! ఆ పేజీ ఎవరు చింపారన్న తగువు మళ్ళీ వారందాకా నడిచేది.

సీరియల్ కోసం చూసిన చూపు

ఆంధ్రప్రభ వారపత్రిక 1952లో మొదలైంది. అందులో మాలతీ చందూర్ గారి 'ప్రమదావనం' 4 దశాబ్దాలకు పైగా నడిచింది. ఇంట్లో ఎవరినీ అడగలేని ప్రశ్న ఆ శీర్షికకి ఓ కార్డుముక్క మీద రాసి పడేసిన వాళ్ళెందరో. జవాబు వచ్చిందేమోనని బడ్డీకి మనిషిని పంపిన వాళ్ళూ అంతమందే.

ఇక సీరియళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. యద్దనపూడి సులోచనారాణి, కోడూరి కౌసల్యాదేవి, మాదిరెడ్డి సులోచన, రంగనాయకమ్మ, ద్వివేదుల విశాలాక్షి - ఒకరా ఇద్దరా! కౌసల్యాదేవి గారి 'చక్రభ్రమణం' నవల 1964లో 'డాక్టర్ చక్రవర్తి' సినిమా అయింది. పాఠకుల్లో ఆడవాళ్ళ బలం ఎంతదాకా వెళ్ళిందంటే కొందరు మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకుని మరీ రాశారు. ఆంధ్రజ్యోతి వారపత్రికలో 'ఇల్లాలి ముచ్చట్లు' రాసిన పురాణం సీత ఎవరనుకున్నారు? సంపాదకులు పురాణం సుబ్రహ్మణ్యశర్మగారే! ఆ తర్వాత 1980 ప్రాంతంలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వస్తుంటే, రాత్రిపూట చదవడానికి భయపడుతూనే మళ్ళీ వారం కోసం ఎదురుచూసిన తరం మన పిన్నులది, అత్తయ్యలది.

వాళ్ళు చేసిన ఇంకో పని ఉంది. సీరియల్ పేజీలు వారం వారం జాగ్రత్తగా విప్పి, వరసలో పేర్చి, సూదీ దారంతో కుట్టి, పైన పాత క్యాలెండరు అట్ట వేసి బైండు చేసేవారు. ఈ పక్క కథ, ఆ పక్క సబ్బు ప్రకటన, మధ్యలో సగం తెగిన జోకు. అచ్చయిన పుస్తకం కొనే స్తోమత లేని ఇళ్ళలో అదే గ్రంథాలయం. ఆ బైండు పుస్తకాలకి ముడిసరుకంతా బడ్డీ దగ్గర్నుంచి వచ్చిందే కదండీ!

మరి ఆడవాళ్ళు నించుని పుస్తకాలు తిరగేసిన చోటే లేదా అంటే, ఉంది. రైల్వే ప్లాట్‌ఫారం. 1844లో మద్రాసులో మొదలైన హిగిన్‌బాథమ్స్, 1877లో అలహాబాదులో మొదలైన ఏ.హెచ్. వీలర్ - రైల్వే పుస్తకాల స్టాళ్ళంటే ఎన్నో ఏళ్ళపాటు ఈ రెండు పేర్లే. రైలు లేటని చెప్పగానే చంటిపిల్లని చంకన వేసుకుని ఆ స్టాలు దగ్గరికి నడిచిన ఆడవాళ్ళని నేను చిన్నప్పుడు చూశాను. అక్కడ మనల్ని ఎరిగినవాళ్ళెవరూ ఉండరు. పలానా వాళ్ళ కోడలు పుస్తకాలు తిరగేస్తోందని ఇంటికి కబురు చేరదు. ఆ ధైర్యమే మన వీధి మలుపులో మనకుండేది కాదు.

బడ్డీకీ ఓ పంచాంగం ఉంది

ఏ నెల నడుస్తోందో తెలుసుకోవాలంటే బడ్డీ ముందు బల్ల చూస్తే చాలు. ధనుర్మాసం వచ్చిందంటే ముగ్గుల పుస్తకాలు. చుక్కలు ఎన్ని, వరసలు ఎన్ని, మధ్యచుక్కా సరిచుక్కా అన్నీ ఉంటాయి. సంక్రాంతి వెళ్ళగానే పదో తరగతి, ఇంటరు మోడల్ పేపర్లు. ఉగాదికి పంచాంగాలు. ఎండాకాలంలో ఆవకాయ, వడియాల పేజీలున్న ప్రత్యేక సంచికలు. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతకథ, భాద్రపదంలో వినాయక వ్రతకల్పం, కార్తీకంలో కార్తీక పురాణం. డిసెంబరు చివర్లో క్యాలెండర్లు, డైరీలు. పేరంటానికి వచ్చినవాళ్ళు ఇంకా కాళ్ళకి పసుపు రాయించుకుంటుండగానే "వ్రతం పుస్తకం కనపడ్డంలేదు, బడ్డీకి పరుగెత్తు" అన్న కేక వినని ఇల్లుందా?

నోటిఫికేషన్ల కాలంలో అదే బల్లమీద బ్యాంకు పరీక్షలవీ, డీఎస్సీవీ గైడ్లు వచ్చి చేరతాయి. పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టి, చదువు మూలపడ్డ ఆడపిల్లలు ఎంతమంది ఆ గైడు అట్ట చూసి "అరె, నేనూ రాయచ్చు కదా" అనుకున్నారో! ఎవరూ చెప్పకుండానే, కూరగాయల సంచితో నడిచిపోతూ ఓ చూపు పడితే వచ్చిన ఆలోచన అది.

నంబరు ఉందా, లేదా?

ఇంటర్నెట్టు ఇళ్ళలోకి రాకముందు పరీక్షా ఫలితాలు బడ్డీ దగ్గరే తేలేవి. పేపరు నిండా చీమల బారుల్లా హాల్‌టికెట్ నంబర్లు, క్లాసుల వారీగా. తెల్లారకముందే బడ్డీ చుట్టూ జనం. మగపిల్లలు ఒకరి భుజాలమీంచి ఒకరు తొంగిచూస్తుంటే, ఆడపిల్లలు ఇంటిదగ్గర గుమ్మం పట్టుకుని నించునేవారు. నంబరు చీటీ మీద రాసి అన్నకో, నాన్నకో ఇచ్చి పంపేవారు.

మా పెద్దమ్మ కూతురి నంబరు అలాగే వెళ్ళింది. తప్పిన మగపిల్లాడు మళ్ళీ సెప్టెంబరులో రాస్తాడు. తప్పిన ఆడపిల్లకి మర్నాటినుంచి సంబంధాలు చూస్తారు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. పెదనాన్న పేపరు రెండుసార్లు చూసి, నంబరు లేదని వెనక్కి తిరిగాడట. బడ్డీ ఆయన ఆపి, "ఉండండి మాస్టారూ, ఇంకో పేపర్లో కూడా చూద్దాం, అచ్చులో జారిపోతుంటాయ్" అని మరోటి తీసి బల్లమీద పరిచాడట. అందులో ఉంది! అక్క ఇవాళ స్కూల్లో లెక్కలు చెబుతోంది. పక్కపక్కనే 4 పేపర్లు ఉండబట్టే కదా, ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లో దొరికింది.

ఊరిదాకా వచ్చిన వార్త

పేపరు తెల్లారకుండా రావడం మనకి అలవాటైపోయింది గానీ అది ఎప్పటినుంచో ఉన్నది కాదు. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో 'ఈనాడు' మొదలయ్యేదాకా ఆ ప్రాంతానికి తెలుగు దినపత్రికలు విజయవాడ నుంచి రైల్లో రావాల్సిందే. పొద్దుటి పేపరు చేతికందేసరికి పొద్దెక్కేది. ఆ తర్వాత ఒక్కో పత్రికా ఒక్కో ఊళ్ళో అచ్చు మొదలెట్టడం, జిల్లా వార్తలకి విడిగా చిన్న పేపరు ఇవ్వడం వచ్చాయి. మండల కేంద్రంలో బస్సు దిగిన కట్ట అక్కడి బడ్డీకీ, అక్కడినుంచి సైకిలు మీద పల్లెకీ చేరింది.

దానివల్ల ఏమవుతుందో 1992లో చూశాం. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారాకొట్టు మూయించారు. ఆ వార్త పేపర్లలో వచ్చింది. పక్క ఊరివాళ్ళు చదివారు, చదవలేనివాళ్ళు చదివించుకుని విన్నారు. "వాళ్ళు చెయ్యగా లేంది మనం చెయ్యలేమా" అనుకున్నారు. ఊరూరా అంటుకుంది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అన్నారు. తర్వాత దాన్ని ఎత్తేశారన్నది వేరే కథ. కానీ కాగితం మీద అచ్చయిన ఒక ఊరి ఆడవాళ్ళ సంగతి ఇంకో ఊరి ఆడవాళ్ళకి ఎంత బలమిస్తుందో అప్పుడు తెలిసింది.

తెల్లవారుజామున మూడున్నరకి

మా ఊళ్ళో ఇప్పుడు నేను పత్రికలు కొనే బడ్డీ నడిపేది ఓ ఆవిడ. వయసు యాభైకి అటూ ఇటూ. భర్త పోయి ఆరేళ్ళయింది. అప్పటిదాకా ఆయన కూర్చున్న స్టూలు మీద ఈవిడ కూర్చుంది.

ఆవిడకి మూడున్నరకే తెల్లారుతుంది. కూడలిలో వ్యాను ఆపకుండానే విసిరేసిన కట్టలు వెతుక్కుని, తాడు కోసి, లెక్క చూసుకోవాలి. మెయిన్ పేపర్లో జిల్లా పేపరు, ఆదివారమైతే పుస్తకం, మధ్యలో బట్టల షాపు కరపత్రం - అన్నీ చేత్తో దోపాలి. సైకిళ్ళమీద వేసే కుర్రాళ్ళకి పంచాలి. ఒక్క కుర్రాడు రాకపోతే ఆ వీధి ఈవిడే నడిచి వేసి రావాలి. వానొస్తే తాను తడిసినా సరే, పేపరు తడవకూడదు.

"పేపరుకి మిగిలేది రూపాయో రూపాయిన్నరో నమ్మా. అమ్ముడుపోలేదనుకో, మర్నాటికది చిత్తుకాయితమే. కొన్ని పుస్తకాలు యెనక్కి తీసుకుంటారు, కొన్ని తీసుకోరు. యాభై రకాలు కట్టేవోణ్ని అనేవాడు మా ఆయన. ఇప్పుడు పదిహేను లేవు" అంది ఓసారి.

"నీకు భయం వెయ్యలేదా అక్కా, మగవాళ్ళందరి మధ్యా?" అని అడిగాను.

"మనుషుల భయం కాదు, లెక్క తప్పుద్దేమోనన్న భయం. పదిరోజుల్లో అదీ పోయింది" అని నవ్వింది. తర్వాత ఆవిడ అన్న మాట నా మనసులో ఉండిపోయింది. "మొగోళ్ళు పేపరంతా చదివేసి మడతపెట్టకుండా పోతారు. ఆడోళ్ళు మటుకు డబ్బులిచ్చాకే పుస్తకం ముట్టుకుంటారు. చూసుకోండమ్మా, పర్లేదు అంటే కూడా సిగ్గే!"

ఆవిడ కూర్చోవడం మొదలెట్టాక ఆ బడ్డీ దగ్గర సిగరెట్లు అమ్మడం మానేసింది. లాభం తగ్గింది గానీ పొగా తగ్గింది. కాలేజీకి వెళ్ళే ఆడపిల్లలు బస్సు వచ్చేలోగా ఆగి ఉద్యోగాల పేజీ చూస్తున్నారు. టిఫిన్ డబ్బాలతో వెళ్ళే ఉద్యోగినులు ఓ నిమిషం నించుంటున్నారు. ఒకరిని చూసి ఒకరు. మా అమ్మ ఏనాడూ దాటని ఆ రెండు వీధులూ ఇలా దాటారు వీళ్ళు.

ఈ మధ్యే ఆ బడ్డీ చెక్కమీద ఎర్రరంగుతో ఓ గీత గీసి వెళ్ళారు. రోడ్డు వెడల్పు చేస్తారట. గీత అవతల రోడ్డు, ఇవతల బడ్డీలో మూడొంతులు లేదు.

చట్టం మనవైపే ఉంది

"తీసేస్తారంటే ఏం చేస్తాం" అని ఊరుకోకండి. వీధి వ్యాపారుల కోసం 2014లో కేంద్రం ఓ చట్టం తెచ్చింది. ఆ ఏడాది మే 1 నుంచి అమల్లో ఉంది. అందులో మనకి పనికొచ్చే సంగతులు కొన్ని చూడండి.

ముందు సర్వే జరగాలి. సర్వే పూర్తయి, అర్హులకి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్నవాళ్ళని తీసెయ్యకూడదు. ఈ సర్వే కనీసం అయిదేళ్ళకోసారి చెయ్యాలి.

వేరేచోటికి మార్చాలన్నా, ఖాళీ చేయించాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రంగు గీత నోటీసు కాదు!

సర్టిఫికెట్ ఉన్నాయన పోతే ఆ గడువు తీరేదాకా కుటుంబంలో ఒకరు ఆ వ్యాపారం చేసుకోవచ్చు. ఆ వరసలో మొదటి హక్కు భార్యది లేదా భర్తది. ఆ తర్వాతే పిల్లలది.

వీధి వ్యాపారాల విషయాలు చూసే పట్టణ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళుండాలి. సర్టిఫికెట్లు ఇవ్వడంలో కూడా ఆడవాళ్ళకి ప్రాధాన్యం ఉంది.

పెట్టుబడికి ఇబ్బందిగా ఉంటే 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి పథకం కింద బ్యాంకు రుణం అడగొచ్చు. మొదటి విడత 10,000 రూపాయలుగా మొదలైన దాన్ని 2025లో 15,000 చేశారు. సకాలంలో తీరిస్తే తర్వాతి విడత ఇంకా ఎక్కువ ఇస్తారు.

ఇవన్నీ బడ్డీలో కూర్చున్నవాళ్ళకి తెలియకపోవచ్చు. పొద్దుటినుంచీ కాగితాల మధ్యే ఉన్నా తమ కాగితం చదువుకునే తీరిక వాళ్ళకుండదు. చదువుకున్న మనం ఓ పది నిమిషాలు కూర్చుని చదివి చెప్పొచ్చు. నేను చేసింది అదే. ఆ సర్టిఫికెట్ ఆవిడ భర్త పేరుమీదే ఉంది, గడువింకా తీరలేదు. ఆవిడ పేరు రాయించమని అర్జీ పెట్టాం. ఏమవుతుందో చూడాలి.

ఫోన్లో అన్నీ ఉన్నాయిగా?

ఉన్నాయి, కాదనను. నేనూ ఫోన్లో చదువుతాను. అన్నం కుక్కర్లో పెట్టి మూడు విజిళ్ళు వచ్చేలోగా వార్తలు చూసేస్తాను. పేపర్ల బడ్డీ లేని పల్లెలో ఉన్న మా వదిన కూడా చదవగలుగుతోందంటే ఫోన్ చలవే.

కానీ నష్టం కూడా చిన్నది కాదు. 1947 జూలైలో పుట్టి మనల్ని, మన అమ్మల్ని పెంచిన 'చందమామ' 2013 నాటికి ఆగిపోయింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు 'ఆంధ్రభూమి' అచ్చు ఆగింది, మళ్ళీ రాలేదు. నెలకో పూర్తి నవల ఇచ్చిన 'చతుర', దేశదేశాల కథలిచ్చిన 'విపుల' 1978 నుంచి నడిచి 2021లో ఆగాయి. కరోనా రోజుల్లో కాగితం ముట్టుకుంటే జబ్బొస్తుందేమోనని పేపరు మాన్పించిన ఇళ్ళు చాలా ఉన్నాయి. భయం పోయింది గానీ పేపరు మళ్ళీ రాలేదు. తాళ్ళమీద క్లిప్పులు మిగిలాయి, పుస్తకాలు తగ్గాయి. ఆ ఖాళీలో చిప్స్ పొట్లాలు వేలాడుతున్నాయి.

బడ్డీకీ ఫోనుకీ నాకు కనిపించే తేడా ఒకటే. ఫోను నిన్న మీరేం చూశారో ఇవాళ అదే తెచ్చి చూపిస్తుంది. ఓసారి గుత్తివంకాయ చూస్తే వారమంతా వంకాయలే! బడ్డీకి మీరెవరో అక్కర్లేదు. వంటల పుస్తకం పక్కనే ఉద్యోగాల పత్రిక, దాని పక్కనే కథల సంచిక, దాని పక్కనే మీకు బొత్తిగా నచ్చని రాజకీయం రాసిన పేపరు. ఒకే సంగతిని నాలుగు పేపర్లు నాలుగు రకాలుగా హెడ్డింగు పెట్టడం ఒక్క చూపులో కనిపిస్తుంది. ఇల్లాలికి కావలసింది ఇదీ అని ముందే తేల్చేసే వాళ్ళు మన చుట్టూ బోలెడంతమంది ఉన్నారు. తేల్చకుండా అన్నీ ముందు పెట్టి "చూసుకోండమ్మా" అనేది ఒక్క బడ్డీయే.

ఇంకో మాట. ఫోను చదువుతున్న తల్లిని చూస్తే పిల్లలకి అమ్మ చదువుతోందని తెలియదు. ఫోను చూస్తోంది అనుకుంటారు, అంతే. పత్రిక చేతిలో ఉంటే అట్ట కనిపిస్తుంది. పక్కకొచ్చి కూర్చుని ఏముందని అడుగుతారు.

మనమేం చెయ్యొచ్చు?

పెద్ద పెద్ద పనులేం కాదు. నెలకి ఒక్క పత్రికైనా ఇంటికి తెప్పించుకోవడం కాకుండా బడ్డీకి మనమే వెళ్ళి కొందాం. వీధిలో నలుగురం కలిసి నాలుగు వేరువేరు పత్రికలు కొని మార్చుకుందాం. మన అమ్మలు చేసిన పనే! పుట్టినరోజుకి పిల్లలకి చాక్లెట్ల పెట్టెతో పాటు ఓ పిల్లల పత్రిక కొనిద్దాం. డ్వాక్రా సంఘం సమావేశానికి ఓ పేపరు తీసుకెళ్ళి ఒక వార్తన్నా పైకి చదువుదాం. మనకి కావలసిన పత్రిక బడ్డీలో లేకపోతే "లేదా, సరే" అని తిరిగొచ్చెయ్యకుండా "మళ్ళీ నెల తెప్పించండి, నేను తీసుకుంటా" అని చెబుదాం. ఒక్కరు అడిగితే తెప్పించరు, నలుగురు అడిగితే తెప్పిస్తారు.

అన్నిటికన్నా ముఖ్యం, ఆడపిల్లని వెంట తీసుకెళదాం. ఆ బడ్డీ ముందు పది నిమిషాలు నించోనిద్దాం. ఏ పుస్తకం కావాలో తనని ఎంచుకోనిద్దాం. మనం అనుకున్నది తియ్యకపోయినా ఏమీ అనకుండా డబ్బు తన చేతికే ఇద్దాం.

ఏమంటారు? రేపు కూరలకి వెళ్ళినప్పుడు సంచి ఓ పక్కన పెట్టి, మీ ఊరి బడ్డీ దగ్గర ఓ నిమిషం ఆగి చూడండి. డబ్బులిచ్చాకే ముట్టుకోవాలన్న రూలేం లేదు!